కొత్త ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను ఇంట్లో పరీక్షించడం ఎలా: విజయనగరం డాబా గది నుంచి

కొరియర్ కుర్రాడు కింద నుంచి కేకేస్తాడు. వచ్చింది ఓవర్‌డ్రైవ్ పెడల్, ఎలక్ట్రిక్ గిటారు సౌండుకి గరుకు తెచ్చే, కాలితో నొక్కే బుల్లి పెట్టె. డబ్బా చూస్తే అరచేతిలో పడుతుంది, ధర చూస్తే ఇంట్లో చెప్పలేం. గబగబా విప్పి, గిటారుకీ ఆంప్‌కీ (సౌండు పెంచి స్పీకరులో వినిపించే యాంప్లిఫయర్) మధ్య తగిలించి, నాబులన్నీ చివరికంటా తిప్పి కొడతాం. గది దద్దరిల్లుతుంది. "అబ్బ, ఏం సౌండురా!" అనుకుంటాం. రెండు వారాలు తిరిగేసరికి అదే పెడల్ ముక్కుతో పాడినట్టు వినిపిస్తుంది. అప్పటికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది.

ఇలా నేను మూడు పెడళ్లు కొని అమ్మేశాను. ఒకటి నిజంగానే నాకు పనికొచ్చేది కాదు. మిగతా రెండూ మంచివే, వాటిని వినడం నాకు రాక పోగొట్టుకున్నాను. మన ఊళ్లో షాపుకెళ్లి నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టుకుని వాయించి కొనే వీలు తక్కువ. విశాఖ అరవై కిలోమీటర్లు. అక్కడికి వెళ్లినా షాపువాడి గిటారు, షాపువాడి ఆంప్, వెనకాల ఇంకెవరో కీబోర్డు వాయిస్తుంటారు. అందుకే మనకి పరీక్ష జరిగేది ఇంట్లోనే, డబ్బులు కట్టేశాకే. కాబట్టి వాపసు గడువులోగా రోజుకో గంట చొప్పున మూడు నాలుగు రోజులు కేటాయించుకోండి. కొత్తపేటలో మా డాబా మీది గదిలో నేను చేసే వరుస ఇది. నా దగ్గరున్నది ఒక సింగిల్ కాయిల్ గిటారు, ఒక హంబకర్ గిటారు, పదిహేను వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లో తీగచుట్ట ఒకటే ఉంటే సింగిల్ కాయిల్, జంటగా ఉంటే హంబకర్. మీ దగ్గర ఏమున్నా పద్ధతి ఇదే.

డబ్బా విప్పే ముందు

ఫోన్‌ను ఎక్కడైనా ఆనించి, విప్పడం మొత్తం వీడియో తీయండి. సీరియల్ నంబరు, స్క్రూలు, జాకులు కనబడాలి. ఎవరో వాడి తిప్పిపంపిన సరుకు వస్తే మీ మాటకు సాక్ష్యం అదే. అట్టపెట్టె, లోపలి కాగితాలు, ప్లాస్టిక్ కవరు ఏవీ పారేయకండి. మా అమ్మ ఒకసారి ఖాళీ డబ్బా కదా అని పాత పేపర్లతో పాటు కాటాకి వేసేసింది. ఆ పెడల్ తిరిగి పంపలేకపోయాను.

ఇంకా కావలసినవి: కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఒకటి (మల్టీమీటరులో వేసే చదరం బ్యాటరీ, గంటస్తంభం చుట్టుపక్కల ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది), గరగరలాడని కేబుళ్లు రెండు, ట్యూనరు, ఒక నోటుపుస్తకం. తీగలు తుప్పు పట్టి ఉంటే ముందు మార్చేయండి. మన దగ్గర ఉక్కకి, చేతి చెమటకి తీగలు త్వరగా చచ్చిపోతాయి. చచ్చిన తీగల మీద ఏ పెడల్ పెట్టినా దుప్పటి కప్పినట్టే ఉంటుంది.

లోపల ఏం జరుగుతోంది

గిటారు పికప్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో కొంత భాగమే. పెడల్‌లోని చిప్ దాన్ని పదుల రెట్లు పెంచుతుంది. పెరిగిన సిగ్నల్ అలల పై కొనలు, కింది కొనలు డయోడ్లనే చిన్న భాగాల దగ్గర నొక్కుకుపోతాయి. సిలికాన్ డయోడు సుమారు 0.6 వోల్టుల దగ్గర దారి తెరుస్తుంది, అంతకు మించి లేచిన భాగం గుండ్రంగా అణిగిపోతుంది. ఆ అణగడం వల్ల అసలు స్వరంలో లేని కొత్త హార్మోనిక్స్ (స్వరానికి రెండు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో పలికేవి) పుడతాయి. మనం ముద్దుగా గరగర అనేది వాటినే.

పెడళ్ల మధ్య తేడా అంతా సిగ్నల్‌ను ఎక్కడ కోస్తుంది (అంటే ఇలా అణిచేస్తుంది), కోసే ముందు ఏ ఫ్రీక్వెన్సీలు తీసేస్తుంది అన్నదాంట్లోనే ఉంది. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ కుటుంబం 720 హెర్ట్‌జ్ కింది బేస్‌ను పలచన చేసి తర్వాత కోస్తుంది, అందుకే మధ్య స్థాయి ఉబ్బి గొంతులా వినిపిస్తుంది. బాస్ (BOSS) కంపెనీ 1977లో తెచ్చిన ఓడీ-1, దాని తర్వాత 1981లో వచ్చిన ఎస్‌డీ-1 సిగ్నల్ పైభాగాన్ని ఒకలా, కిందిభాగాన్ని ఇంకోలా కోస్తాయి. క్లాన్ సెంటార్ జాతివి జెర్మేనియం డయోడ్లు వాడి, శుభ్రమైన సిగ్నల్‌ను కూడా కొంత కలిపి పంపుతాయి. మార్కెట్లో దొరికే చవక పెడళ్లలో చాలావాటికి ఈ మూడింట్లో ఏదో ఒకటి తాత. మీ పెడల్ తాత ఎవరో తెలుసుకుంటే దేనికోసం వినాలో సగం తెలిసిపోతుంది.

కరెంటు: ముందు బ్యాటరీతోనే

మొదటి రోజు అడాప్టర్ జోలికి పోకండి. బ్యాటరీ వేసే చోటు ఉంటే బ్యాటరీతోనే మొదలుపెట్టండి. కారణం సులువు. బ్యాటరీ కరెంటులో గుంయ్ ఉండదు. రేపు అడాప్టర్ పెట్టాక రొద వస్తే, తప్పు పెడల్‌ది కాదని మీకు ముందే తెలిసి ఉంటుంది. బ్యాటరీ అరలేని బుల్లి పెడల్ అయితే మంచి అడాప్టర్ ఒకటి అరువు తెచ్చుకోండి.

అడాప్టర్ విషయంలో చూడాల్సినవి మూడు. ఒకటి, 9 వోల్టుల డీసీ. రెండు, పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. పెడల్ మీద, అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది: మధ్య చుక్క, చుట్టూ సగం వలయం. చుక్క మైనస్‌కు కలిసి ఉండాలి. మూడు, మిల్లీ ఆంపియర్లు. దీని గురించి అనవసరంగా భయపడతారు. అడాప్టర్ మీద 500 అని ఉంటే పెడల్‌లోకి 500 తోసేయదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. మామూలు అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి చాలావరకు పది, ఇరవై మిల్లీ ఆంపియర్లు చాలు.

ఈ బొమ్మ చూడటం ఎందుకంత ముఖ్యమో డబ్బు పోసి నేర్చుకున్నాను. ఇంట్లో పాత కీబోర్డు అడాప్టర్ ఒకటుండేది. పిన్ను సరిగ్గా పట్టింది కదా అని పెట్టేశాను. 12 వోల్టులది, పైగా మధ్యలో ప్లస్. లైటు వెలగలేదు. ఓ అయిదు సెకన్లకి కాలిన ప్లాస్టిక్ వాసన. వరసగా పదిసార్లు తీసి పెట్టాను, అదొక తెలివి! రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు విప్పి చూసి, నల్లబడిన డయోడు ఒకటి చూపించి, "ఇది తను సచ్చి మిగతాటిని బతికించింది బాబూ" అన్నారు. దాన్ని మార్చాక పెడల్ లేచింది. అందరి అదృష్టం అలా ఉండదు.

ఇంకో మాట. చాలా పెడళ్లలో ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ దూర్చగానే బ్యాటరీ ఆన్ అయిపోతుంది, స్విచ్‌తో సంబంధం లేదు. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి. లేకపోతే రెండు రోజుల్లో బ్యాటరీ అయిపోయి, పెడల్ పాడైందని కంగారు పడతారు.

పెడల్ లేకుండా అరగంట

దీన్ని అందరూ దాటేస్తారు. పెడల్‌ను పక్కన పెట్టి, గిటారును నేరుగా ఆంప్‌లో పెట్టండి. క్లీన్ చానల్ (ఆంప్ తన గరుకు కలపనిది). రివర్బ్ (ప్రతిధ్వని) సున్నా. బేస్, మిడిల్, ట్రెబుల్ మూడూ మధ్యలో. గిటారు వాల్యూమ్, టోన్ పూర్తిగా తెరిచి ఉంచండి. ఆంప్ వాల్యూమ్ మాత్రం గుసగుస స్థాయిలో వద్దు. మెల్లగా వింటే మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా అందుతాయి, మధ్యదే ముందుకొస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి కాస్త గొంతు పెంచి మాట్లాడాల్సినంత సౌండు చాలు. నేను సాయంత్రం అయిదు నుంచి ఆరు మధ్య పెట్టుకుంటాను. పక్కింటివాళ్లు అప్పుడు టీవీ పెట్టి ఉండరు, నిద్రపోతూ ఉండరు.

ఇప్పుడు నాలుగు ముక్కలు ఎంచుకోండి. అన్ని రోజులూ ఇవే వాయించాలి, మధ్యలో కొత్తవి దూర్చకూడదు. నావి ఇవి: ఓపెన్ E మేజర్ కార్డ్ ఒక్కసారి మీటి, సౌండు పూర్తిగా చచ్చేదాకా వదిలేయడం, లావు తీగలు రెండిటి మీద అరచేయి ఆనించి టకటకలాడించడం, చేతికి అలవాటైన ఏదో ఒక సినిమా పాట కార్డులు, చివరగా మోహన రాగంలో ఒక నిదానమైన పలుకు, జారుడు గమకాలతో.

చివరిది ఎందుకంటే, ఓవర్‌డ్రైవ్ మనవాళ్లకి అసలు పనికొచ్చేది అక్కడే. క్లీన్ గిటారులో స్వరం మీటగానే కరిగిపోవడం మొదలవుతుంది, గమకం సగంలో ఉండగానే ఊపిరి ఆగిపోతుంది. ఓవర్‌డ్రైవ్ స్వరాన్ని సాగదీస్తుంది, కమాను లాగినట్టు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరిది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ చెప్పి, ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. ఈ ఊళ్లో గిటారు పట్టినవాడి చెవి కూడా సాగే స్వరం కోసం వెతుకుతుందని నా అనుమానం. సరే, పనిలోకి వద్దాం. ఈ నాలుగు ముక్కల్నీ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఫోన్‌ను ఆంప్‌కి ఆరడుగుల దూరంలో ఒకే కుర్చీ మీద, రోజూ అదే చోట ఉంచండి. ఫోన్ తనంతట తానే సౌండు హెచ్చుతగ్గులు సర్దేస్తుంది కాబట్టి ఆ రికార్డింగుతో ఎంత గట్టిగా ఉందో తేల్చలేం, రంగు మాత్రం తెలుస్తుంది.

పెడల్ పెట్టండి, కానీ ఆన్ చేయకండి

చాలా పెడళ్లకి ఇన్‌పుట్ కుడివైపు, అవుట్‌పుట్ ఎడమవైపు ఉంటుంది. మనం రాసేది ఎడమ నుంచి కుడికి కాబట్టి చేయి అటే పోతుంది. మీద రాసింది చదివి పెట్టండి.

స్విచ్ నొక్కకుండా అవే నాలుగు ముక్కలు వాయించండి. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఉందా? ట్రూ బైపాస్ పెడల్ అయితే ఆఫ్‌లో అది వట్టి తీగముక్కలాంటిది. బఫర్ ఉన్నదైతే (బాస్ కంపెనీ పెడళ్లన్నీ దాదాపు ఇలాంటివే) సిగ్నల్ ఒక చిన్న సర్క్యూట్ గుండా వెళ్తుంది. బఫర్ అనగానే మొహం చిట్లించక్కర్లేదు. కేబుల్‌కి మీటరుకు సుమారు వంద పికోఫారాడ్ల కెపాసిటెన్స్ (ట్రెబుల్‌ను తినేసే గుణం) ఉంటుంది. ఆరేసి మీటర్ల కేబుళ్లు రెండు వేస్తే ట్రెబుల్ మసకబారుతుంది. బఫర్ ఆ నష్టాన్ని ఆపుతుంది. ఆఫ్‌లో సౌండు బొంగురుపోతే, లేదా వాల్యూమ్ పడిపోతే మాత్రం అది నిజమైన లోపం, నోటుపుస్తకంలో రాసుకోండి. స్విచ్‌ను ఓ ఇరవైసార్లు నొక్కి చూడండి. మొదటి ఒకటి రెండుసార్లు టప్ మంటే పర్వాలేదు. ప్రతిసారీ పటాకీలా పేలితే వాపసు. నాబులన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, ఎక్కడైనా బరబరలాడితే అదీ లెక్కే.

ఆన్ చేశాక మొదటి పని: సమానం చేయడం

డ్రైవ్ (గరుకు ఎంతో చెప్పే నాబు) పూర్తిగా తగ్గించండి. టోన్ (ట్రెబుల్ నాబు) మధ్యలో. లెవెల్ (బయటికొచ్చే సౌండు నాబు) సున్నా. ఇప్పుడు ఆన్ చేసి, లెవెల్‌ను నెమ్మదిగా పెంచుతూ, ఆఫ్‌లో ఎంత గట్టిగా వినిపిస్తోందో ఆన్‌లోనూ సరిగ్గా అంతే వచ్చేదాకా తీసుకెళ్లండి.

ఈ ఒక్క పని చేసినవాళ్లు సగం మోసం నుంచి బయటపడ్డట్టే. ఇసుమంత గట్టిగా ఉన్న సౌండు మన చెవికి "మంచి" సౌండుగా తోస్తుంది. గట్టిగా ఉందని తెలీదు, బాగుందనే అనిపిస్తుంది. నేను పోగొట్టుకున్న రెండు పెడళ్ల కథ దీనికి తిరగేసి జరిగింది. పాత పెడల్ లెవెల్ ఎక్కువ పెట్టుకుని, కొత్తదాన్ని తక్కువ పెట్టుకుని పోల్చాను. పాతదే గెలిచింది, గెలవకేం చేస్తుంది!

ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ ఉంటే సాయానికి పెట్టుకోండి, కానీ దాన్నే నమ్మకండి. ఓవర్‌డ్రైవ్ మీటిన దెబ్బను అణచి, తోకను (స్వరం ఆరిపోయే భాగాన్ని) పైకి లేపుతుంది. మీటరు ముల్లు శిఖరం దగ్గర సమానం చూపించినా, తోక బరువెక్కడంతో చెవికి ఎక్కువే వినిపిస్తుంది. అందుకని కార్డ్ మీటిన అరసెకను తర్వాతి భాగాన్ని సమానం చేయండి.

ఆ తర్వాత ఇంట్లో ఎవరినైనా పిలవండి. నేను మా మేనల్లుణ్ని కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. స్విచ్ చప్పుడు తెలీకుండా మధ్యమధ్యలో ఉత్తినే రెండుసార్లు నొక్కేవాణ్ని. ఏడుసార్లు మార్చి మార్చి వాయించాక, "మావయ్యా, నువ్వు ఆపీసినప్పుడే బాగుంది" అన్నాడు. పెడల్ మీద అదొక తీర్పు. కష్టమే, కానీ రాసుకున్నాను.

డ్రైవ్ సున్నాలో ఉన్నా కొంచెం గరుకు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. ట్యూబ్ స్క్రీమర్ జాతిలో నాబు అట్టడుగున ఉన్నా చిప్ సిగ్నల్‌ను పది రెట్లకు పైగానే పెంచుతుంది, హంబకర్ గట్టిగా మీటితే డయోడ్లు మేలుకుంటాయి. అది సర్క్యూట్ స్వభావం.

డ్రైవ్ పెంచడం: తొమ్మిది, పన్నెండు, మూడు

నాబును గడియారం ముల్లు అనుకోండి. తొమ్మిది దగ్గర ఆపండి, లెవెల్ మళ్లీ సమానం చేయండి (డ్రైవ్ పెరిగితే సౌండూ పెరుగుతుంది, ప్రతిసారీ తగ్గించాలి), నాలుగు ముక్కలూ వాయించండి. తర్వాత పన్నెండు. తర్వాత మూడు. ఒక్కో చోట పది నిమిషాలైనా ఉండండి.

వినాల్సింది ముఖ్యంగా స్వరం చావును. మొదలు అన్ని పెడళ్లలోనూ బాగానే ఉంటుంది. ఓపెన్ E కార్డ్ మీటి చేతులు కదపకుండా చివరిదాకా వినండి. మంచి ఓవర్‌డ్రైవ్‌లో గరుకు మెల్లగా కరిగి, చివర క్లీన్ స్వరం మిగిలి, అది ఆరిపోతుంది. దీపం ఒత్తి తగ్గించినట్టుంటుంది. సరిగా కుదరనిదాంట్లో చివరి రెండు సెకన్లు స్వరం పక్కన వేరే ఏదో చిటపటలాడుతుంది, పెనం మీద నీటిబొట్టులా. లేదంటే ఉన్నట్టుండి తెగిపోతుంది. బ్యాటరీ అయిపోతున్నా ఇలాగే అవుతుంది, కాబట్టి మల్టీమీటరుతో ఒకసారి చూసుకోండి. కొత్త బ్యాటరీ తొమ్మిదిన్నర చుట్టుపక్కల చూపిస్తుంది.

తర్వాత పిక్‌తో మెల్లగా, గట్టిగా మార్చి మార్చి మీటండి. రెండిటికీ తేడా మిగిలిందా, అంతా ఒకే పలకలా అయిపోయిందా? మూడు గంటల దగ్గర చాలా పెడళ్లు పలకలే. అందులో తప్పేం లేదు, కొందరికి కావలసింది అదే. నాకు మాత్రం ఏ పెడలూ పన్నెండు దాటాక నచ్చలేదు.

గాంధారం గొడవ

రెండో తీగ పదో ఫ్రెట్ (మెట్టు) మీద, మొదటి తీగ పన్నెండో ఫ్రెట్ మీద వేళ్లు పెట్టి రెండూ కలిపి మీటండి. షడ్జమం, పంచమం. డ్రైవ్ పన్నెండులో పెట్టినా హాయిగా, గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు మొదటి తీగ మీది వేలు తొమ్మిదో ఫ్రెట్‌కు తెచ్చి మీటండి. షడ్జమం, అంతర గాంధారం. క్లీన్‌లో తియ్యగా ఉన్న ఈ జంట ఓవర్‌డ్రైవ్‌లో బుర్రుబుర్రుమంటుంది.

ఇది చూసి "పెడల్‌లో క్లారిటీ లేదు" అని తిట్టేవాళ్లున్నారు. తప్పు చాలావరకు పెడల్‌ది కాదు. రెండు స్వరాలు కలిసి డయోడ్ల దగ్గర నొక్కుకున్నప్పుడు వాటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది. పదో ఫ్రెట్ స్వరం 440 హెర్ట్‌జ్. పంచమం 659.26. తేడా 219.26, అంటే కింది స్థాయి షడ్జమమైన 220కి దాదాపు అతుక్కుంటుంది. అందుకే హాయి. గిటారు ఫ్రెట్ మీది గాంధారం 554.37. తేడా 114.37. ఇది ఇంకో స్థాయి కింద 110 దగ్గర ఉండే షడ్జమానికి అరస్వరంలో సగానికి పైగా తప్పుకుని, ఏ స్వరానికీ చెందక మధ్యలో వేలాడుతుంది. వినిపించే బుర్రు అదే. తంబురాలో తనంతట తాను పలికే గాంధారం ఇదే లెక్కలో సరిగ్గా 550. ఫ్రెట్లు సమానంగా పంచేయడం వల్ల గిటారు గాంధారం దానికంటే కాస్త పైన కూర్చుంటుంది.

నమ్మకం కలగాలంటే ఆ రెండు వేళ్లూ అలాగే ఉంచి, మొదటి తీగ ట్యూనింగ్ కీని వెంట్రుకవాసి సడలించమని పక్కవాళ్లని అడగండి. ఒక చోట బుర్రు ఆగిపోయి, కింద నుంచి గంభీరంగా ఒక మంద్ర స్వరం లేచి నిలబడుతుంది, ఎవరో పక్కన శ్రుతి వేసినట్టు. మొదటిసారి విన్న రోజు నేను ఓ పావుగంట అదొక్కటే మీటుతూ కూర్చున్నాను. తర్వాత తీగను మళ్లీ ట్యూన్ చేసుకోవడం మర్చిపోకండి.

పెడల్ పరీక్షకు దీనితో పనేమిటంటే, అన్నిట్లోనూ బుర్రు ఉంటుంది కాబట్టి ఎంత ఉందో చూడాలి. డ్రైవ్ తొమ్మిదిలో మేజర్, మైనర్ కార్డులు విడివిడిగా తెలిస్తే అది సినిమా పాటల వెనక కార్డులకు పనికొచ్చే పెడల్. తొమ్మిదిలోనే ముద్దైపోతే అది రెండు తీగల రిఫ్‌లకి, ఒంటి స్వరాల సోలోలకి.

గిటారు వాల్యూమ్ నాబు

నాకు అన్నిటికంటే పెద్ద పరీక్ష ఇదే. డ్రైవ్ పన్నెండులో ఉంచి, గిటారు వాల్యూమ్ పది నుంచి ఆరుకి, ఆరు నుంచి మూడుకి తగ్గించండి. పదిలో సోలో, ఆరులో రిథమ్, మూడులో దాదాపు క్లీన్ రావాలి. ఇలా దిగే పెడల్ దొరికితే స్టేజీ మీద స్విచ్ కోసం కాలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. చెయ్యే అన్నీ చూసుకుంటుంది.

వాల్యూమ్ తగ్గిస్తే సౌండు మసకబారడం గిటారు వైరింగు గుణం. పెడల్ తీసేసి క్లీన్‌లోనూ తగ్గించి చూడండి, అక్కడా మసకబారితే నేరం గిటారుదే. గిటారు రిపేరు తెలిసినవాళ్లతో వాల్యూమ్ నాబు మీద ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ (వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్‌ను పోనివ్వని చిన్న భాగం) వేయించుకోవచ్చు, చవకే.

టోన్ నాబు గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. బ్రిడ్జ్ పికప్‌లో (తీగలు బిగించిన కొస వైపుది) చెవి గుచ్చుకోని చోటు, నెక్ పికప్‌లో (మెడ వైపుది) బురద కాని చోటు వెతకండి. రెండూ ఒకే చోట దొరికితే అదృష్టం.

గుంయ్ వస్తే

ఓవర్‌డ్రైవ్ గిటారును ఎన్ని రెట్లు పెంచుతుందో రొదనూ అన్ని రెట్లు పెంచుతుంది. కొంత సహజం. పెడల్‌ను తిట్టే ముందు ఇవి చూడండి. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మధ్య నంబరులో ఉంటే పూర్తిగా పెంచండి లేదా ఆపేయండి. ఫోన్ చార్జరు, ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టరు ఒక్కొక్కటీ ఆపండి. సింగిల్ కాయిల్ గిటారైతే చేత్తో పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి, ఏదో ఒక దిక్కున గుంయ్ పడిపోతుంది. మా గదిలో అది నీళ్ల ట్యాంకు వైపు.

తీగలు ముట్టుకోగానే రొద తగ్గితే మామూలే. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే మాత్రం వెంటనే ఆంప్ ఆపేయండి. సాకెట్లో ఎర్త్ లేదని అర్థం. పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది. గుంయ్ తగ్గుతుందని ఎర్త్ పిన్ను పీకేయమని సలహా ఇచ్చే మహానుభావులు ఉంటారు. ప్రాణం మీదికి వచ్చే పని అది, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇదంతా బ్యాటరీతో తేలాక అడాప్టర్ పెట్టి ఒకసారి పోల్చండి. కొత్తగా రొద మొదలైతే మార్చాల్సింది అడాప్టర్‌నే.

ఆంప్‌ను తొయ్యడం

ఓవర్‌డ్రైవ్‌కి రెండో ఉద్యోగం ఉంది. డ్రైవ్ అడుగున, లెవెల్ పైన పెట్టి, అప్పటికే గరగరలాడుతున్న ఆంప్‌ను ఇంకొంచెం ముందుకు తొయ్యడం. ట్యూబ్ స్క్రీమర్ పేరు మోగింది ఇలాంటి వాడకంతోనే. బేస్ పలచన చేసి పంపడంతో ఆంప్ ముద్దకాకుండా బిగుసుకుంటుంది. మీ ఆంప్‌లో డ్రైవ్ చానల్ ఉంటే సగం దాకా పెట్టి, పెడల్ ఆన్, ఆఫ్ చేసి చూడండి. క్లీన్‌లో ముక్కుగొంతులా అనిపించిన పెడల్ ఇక్కడ పులి కావచ్చు. నేను పోగొట్టుకున్న రెండోది అలాంటిదే. ట్రాన్సిస్టర్ ఆంప్ క్లీన్ చానల్‌ను ఇలా గట్టిగా తొయ్యకండి, అది కరుగ్గా విరుగుతుంది, వినడానికి బాగోదు.

మిక్సర్‌లోకి నేరుగా పెట్టేవాళ్లకి

చర్చిల్లో, ఫంక్షన్లలో ఆంప్ లేక పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌లోకి పెట్టేస్తుంటారు. చెవిలో కందిరీగ దూరినట్టుంటుంది. గిటారు ఆంప్ స్పీకరు సుమారు అయిదు వేల హెర్ట్‌జ్ దాటాక పెద్దగా పలకదు, అలా గరుకు అంచులన్నీ అదే నునుపు చేస్తుంది. మిక్సర్, హోమ్ థియేటర్, హెడ్‌ఫోన్ అవన్నీ దాచకుండా వినిపిస్తాయి. క్యాబినెట్ సిమ్యులేటర్ (ఆంప్ స్పీకరు గుణాన్ని నకలు చేసేది) మధ్యలో లేకుండా ఇలా విని పెడల్‌కి మార్కులు వేయకండి.

బ్యాండుతో ఒక సాయంత్రం

ఇంట్లో ఒంటరిగా అద్భుతంగా ఉన్న సెట్టింగు నలుగురిలో మాయమైపోతుంది. దసరా పందిట్లో ఒకసారి నాకు అదే జరిగింది. గదిలో మురిసిపోయి పెట్టుకున్న సెట్టింగులో నిండా బేస్, మిడిల్ కొద్దిగా. ప్యాడ్స్, కీబోర్డు, బేస్ గిటారు మొదలయ్యాక నా సోలో నాకే వినపడలేదు. వెనక నుంచి కీబోర్డ్ అన్నయ్య, "ఏటి తమ్ముడూ, వాయిస్తన్నావా, ఊరుకున్నావా?" అన్నాడు. బేస్‌ను బేస్ గిటారే తినేసింది, పైదంతా తాళాలు తినేశాయి. గిటారుకి మిగిలేది మధ్యే. ముక్కుగొంతు అని మనం ఇంట్లో తిట్టే ఆ మధ్య ఉబ్బే అక్కడ సోలోను బయటికి లాగుతుంది. అందుకని గడువు ముగిసేలోగా ఒక్క రిహార్సల్‌కైనా పెడల్ పట్టుకెళ్లండి. బ్యాండు లేకపోతే స్పీకరులో పాట గట్టిగా పెట్టి దానితో వాయించండి.

మీ దగ్గర వేరే పెడళ్లు ఉంటే వరుస మామూలుగా ఇలా: ట్యూనరు, వా, తర్వాత ఓవర్‌డ్రైవ్, దాని తర్వాత కోరస్, డిలే, రివర్బ్. డిలే ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ గరగరలో ముద్దవుతాయి. కావాలని అలా వాడేవాళ్లూ ఉన్నారు, కానీ పరీక్ష రోజుల్లో వద్దు.

మర్నాడు పొద్దున్న

వాయించిన రాత్రే తేల్చేయకండి. గంటసేపు గట్టిగా విన్న చెవి అలసిపోతుంది, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తుంది, టోన్ నాబు తెలీకుండానే పైకి జరుగుతుంది. మర్నాడు పొద్దున్న, కాఫీ తాగాక, నాబులు ముట్టుకోకుండా ఆన్ చేసి ఒక్క కార్డ్ మీటండి. రాత్రి ముద్దుగా ఉన్నది పొద్దున్న గుచ్చుకుంటే టోన్ తగ్గించండి. ఆ తర్వాత ఫోన్‌లోని రికార్డింగులు వరసగా వినండి: పెడల్ లేకుండా, ఆఫ్‌లో, తొమ్మిది, పన్నెండు, మూడు. నోటుపుస్తకంలో రాసుకున్న లోపాలు పక్కన పెట్టుకోండి.

నేను ఈమధ్య కొన్నదాంట్లో లెవెల్ పదకొండున్నర, డ్రైవ్ పది, టోన్ ఒంటిగంట దగ్గర కుదిరాయి. మా ఆవిడ దగ్గర మూడు చిన్న స్టిక్కర్ బొట్లు అడిగి ఆ గుర్తుల దగ్గర అంటించాను. స్టేజీ మీద చీకట్లో కూడా కనబడతాయి. డబ్బా ఇంకా అటక మీదే ఉంది, గడువుకి రెండు రోజులుంది. మేనల్లుడికి ఆదివారం ఇంకోసారి కళ్లు మూయించాలి.